రెండు పెట్టెలు, ఒకే జవాబు

మాస్టారు పోయారని పాత ఆఫీసు గ్రూపులో ఎవరో పెట్టారు. కింద ఒక ఫోటో. అందులో మాస్టారు పళ్ళన్నీ కనబడేలా నవ్వుతున్నారు. ఆ నవ్వు నేనెప్పుడూ చూడలేదు. ఏ పెళ్ళిలోనో ఫోటోగ్రాఫరు పోరు పడలేక నవ్వి ఉంటారు. ఫోటో కింద వరసగా మెసేజీలు. పని నేర్పిన దేవుడన్నారు ఒకరు. ఆయన చెయ్యి పడ్డాక ఇక తప్పన్నది ఉండేది కాదన్నాడు ఇంకొకడు. ఆ మాట రాసినవాడు మాతోపాటు అదే గదిలో కూర్చుని పనిచేసినవాడే, జరిగిందంతా తెలిసినవాడే. పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలని రాసి ఉంటాడు. నాకు మాత్రం ఒళ్ళు మండింది, ఆ తర్వాత సిగ్గేసింది. మాస్టారిని ఎప్పుడు తలుచుకున్నా నాకు ముందు సిగ్గే వేస్తుంది, ప్రేమ దాని వెనకాల వస్తుంది.

అమలాపురంలో ఒక ఎరువుల కొట్టు మేడ మీద మా ఆఫీసు. మెట్లెక్కుతుంటే పురుగుమందుల వాసన మనతోపాటు పైకి వచ్చేది. మాస్టారు చెప్పులు గుమ్మం బయట విడిచేవారు. మమ్మల్ని విడవమని ఏనాడూ అనలేదు. కానీ పెద్దాయన చెప్పులు బయట ఉంటే మన చెప్పులు లోపల ఎలా ఉంటాయి? అందరం విడిచేవాళ్ళం. అంతకుముందు ఆయన డిగ్రీ కాలేజీలో కంప్యూటర్లు చెప్పేవారు. అది మానేసి, చుట్టుపక్కల కాలేజీలకి ఆన్‌లైను పరీక్షలు పెట్టే సాఫ్ట్‌వేరు చేద్దామని మమ్మల్ని నలుగురిని పోగేసుకున్నారు. పాఠాలు మానేసినా మాస్టారు అనే పిలుపు మాత్రం ఆయన్ని వదల్లేదు.

మాలో అందరికన్నా చిన్నవాళ్ళని కూడా 'అండీ' అనేవారు. 'ఒరే' అని పిలిచేది కంప్యూటర్లని మాత్రమే. వాటికి ఆయన పెట్టిన పేరు పెట్టెలు. టీ వచ్చిందంటే "సగం చాలండీ" అని మిగతా సగం పక్కవాళ్ళ గ్లాసులో ఒంపేసేవారు. ఆయన పక్కన కూర్చున్న పాపానికి నేను ఆ ఆఫీసులో ఉన్నన్నాళ్ళూ రోజూ గ్లాసున్నర టీ తాగాను. ఫోనులో ఆయన మాట్లాడేదంతా దాదాపు 'ఆయ్' ఒక్కటే, మా గోదావరి వైపు అవునండీ అనడానికి అదే మాట. కాలేజీ ప్రిన్సిపాలుకి ఒక ఆయ్, ఇంటి నుంచి ఫోను చేసే అమ్మగారికి ఒక ఆయ్, కరెంటు ఆఫీసుకి ఇంకో ఆయ్. ఆయ్ విని అవతల ఎవరున్నారో మేం చెప్పేసేవాళ్ళం. ఆదివారం చర్చిలో అందరికన్నా కింది శ్రుతిలో పాడేవారట. సోమవారం దాకా ఆ పాట గొంతులో మిగిలి ఉండేది, టైపు చేస్తూ కూనిరాగం తీసేవారు.

కోపం వస్తే అరిచేవారు కాదు. కళ్ళు మూసుకుని "మళ్ళీ చెప్పండి" అనేవారు. రెండోసారి చెప్పబోతే మనం అన్నది ఎంత తెలివితక్కువ మాటో మన నోటికే తెలిసిపోయేది. ఆయన్ని చూసి మేం భయపడ్డది ఒక్క ఆ మాటకే.

మా సాఫ్ట్‌వేరులో ఒక చిన్న ఫంక్షను, అంటే ఒక్క పని మాత్రమే చేసే ప్రోగ్రాము ముక్క, ఉండేది. మాస్టారు దాన్ని స్వయంగా రాశారు, ఇంకెవర్నీ ముట్టుకోనిచ్చేవారు కాదు. అది ఏ కంప్యూటర్ మీద నడిస్తే ఆ కంప్యూటర్‌ని నువ్వెవరని అడిగి, ఒక పొడుగాటి గుర్తింపు నంబరు తెస్తుంది. మనిషికి వేలిముద్ర ఎలాగో యంత్రానికి ఆ నంబరు అలాగ. ఒకే పరీక్షలో ఇద్దరు పిల్లల జవాబులు ఒకే నంబరున్న కంప్యూటర్ నుంచి వస్తే, ఒకరి బదులు ఇంకొకరు రాస్తున్నారని లెక్క. ఇద్దరి పరీక్షా ఆగిపోతుంది, కాలేజీకి కబురు వెళ్తుంది. గదిలో కాపలా మనిషి అక్కర్లేదు, మా పెట్టెలే కాపలా కాస్తాయని మాస్టారు కాలేజీలకి చెప్పి ఒప్పించారు.

చిక్కేమిటంటే, కంప్యూటర్లని నడిపించే విండోస్, లినక్స్, మాక్ మూడూ తమ గురించి తాము మూడు రకాలుగా చెప్పుకుంటాయి. ఒక్కోదాన్ని ఒక్కోలా అడగాలి. అందుకని ఫంక్షను మీద మాస్టారు బోలెడు యూనిట్ టెస్టులు రాశారు. అంటే ఆ ఫంక్షనుని ఒక్కదాన్నే పక్కకి పిలిచి ప్రశ్నలు వేయడం. ఒకే పెట్టెని రెండుసార్లు అడిగితే ఒకే జవాబు రావాలి. వేరే పెట్టెని అడిగితే వేరే జవాబు రావాలి. మార్పు చేసిన ప్రతిసారీ మూడు పెట్టెల ముందూ వరసగా కూర్చుని, ఒక్కోదాన్నీ "ఎవర్రా నువ్వు?" అని అడిగి మీట నొక్కేవారు. అప్పుడు మాత్రం కూనిరాగం ఉండేది కాదు. టెస్టు పాసైతే తెర మీద పచ్చ గీత పడుతుంది, తప్పితే ఎర్ర గీత. ఎర్రగా వస్తే "చీడ పట్టిందండీ" అని కుర్చీ దగ్గరికి లాక్కునేవారు. అన్నీ పచ్చగా వస్తే మమ్మల్ని పిలిచేవారు.

"రండి రండి, చేను పచ్చగా ఉందండీ, వచ్చి చూడండి."

మేం వెళ్ళి ఆయన కుర్చీ వెనకాల నిలబడి తెరకేసి చూసేవాళ్ళం. చూడ్డానికి ఏమీ ఉండదు, వరసగా పచ్చ గీతలు. అయినా ఆయన మురిపెం చూస్తే మాకూ అది మా సొంత పొలంలా అనిపించేది.

"మన గోదారోళ్ళకి మొహమాటం పెద్ద జబ్బండీ" అనేవారు అప్పుడు. "కంప్యూటర్‌కి అది లేదు. ఎవరబ్బాయో చూడదు, ఎవరమ్మాయో చూడదు. అందుకే వీడంటే నాకిష్టం."

రాజోలు అవతల ఒక కాలేజీలో కాకినాడ ఉద్యోగ శిక్షణకి పిల్లల్ని ఎంపిక చేసే పరీక్ష పెట్టారు. ల్యాబులో కంప్యూటర్లు చాలక, ఎవరో ఇచ్చిన పాత పెట్టెలు రెండు పక్కనున్న సామాన్ల గదిలో వేశారు. పాతవి కాబట్టి వాటిలో లినక్స్ ఎక్కించారు. ఆ గదిలో ఇద్దరు స్నేహితురాళ్ళు కూర్చుని పరీక్ష రాస్తుంటే మధ్యలో ఇద్దరి తెరలూ మూసుకుపోయాయి. ఇద్దరూ ఒకే కంప్యూటర్ నుంచి రాశారని కాలేజీకి కబురు వెళ్ళింది. గదిలో వాళ్ళిద్దరు తప్ప ఇంకెవరూ లేరు, చూసినవాళ్ళూ లేరు. ఒకమ్మాయి తన పరీక్షతోపాటు స్నేహితురాలిదీ తనే రాసేస్తోందని తేల్చారు. తరగతిలో బాగా చదివే పిల్ల ఆ అమ్మాయే. అందుకని అనుమానం ఆమె మీద పడింది.

ప్రిన్సిపాలు ఫోను చేశారు. స్పీకరులో పెట్టడం మాస్టారి అలవాటు, అందరం విన్నాం.

"మాస్టారూ, ఆ అమ్మాయి చెయ్యలేదని ఏడుస్తోందండీ. మీరోసారి చూస్తారేంటి?"

"చూడ్డానికేం లేదండీ. మూడు రకాల పెట్టెల మీదా టెస్టులు పాసయ్యేయి. అది అబద్ధం చెప్పదండీ."

"అంతేనంటారా?"

"ఆయ్."

మర్నాడు మళ్ళీ ఫోను వచ్చింది. పిల్ల తండ్రిని పిలిపించారట. కొబ్బరిపీచు ఫ్యాక్టరీలో పనిచేసే మనిషి, డ్యూటీ బట్టలతోనే వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడట. ఒప్పుకుంటే స్నేహితురాలిని వదిలేస్తామని చెబితే, పిల్ల తండ్రి వంక చూసి, నేనే రాశానండి, తప్పైపోయిందని చెప్పేసిందట. శిక్షణ జాబితాలోంచి ఆమె పేరు తీసేశారు. మాస్టారు ఫోను పెట్టేసి మా వైపు తిరిగి "ఒప్పుకుందంటండీ" అన్నారు. ఆ రోజు టీ సగం ఒంపలేదు, నిండు గ్లాసు తాగారు. మేమూ తేలికపడ్డాం. ఒక పిల్ల దొంగ అని తేలితే మా ప్రాణం తేలికపడింది. ఇప్పుడు ఈ వాక్యం రాస్తుంటే ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

కొన్ని రోజుల తర్వాత అదే గదిలో, అవే పెట్టెల మీద ఇద్దరబ్బాయిలు తర్వాతి బ్యాచికి పరీక్ష రాశారు. వాళ్ళ తెరలూ మూసుకుపోయాయి. వాళ్ళలో ఒకడు ఆ చుట్టుపక్కల తోటలూ చేలూ ఉన్న పెద్ద రైతుగారి అబ్బాయి. మళ్ళీ ఫోను.

"మాస్టారూ, అబ్బాయి చెయ్యలేదంటున్నాడండీ. వాళ్ళు అలాటి కుటుంబం కాదండీ. మీరోసారి వచ్చి చూడాలి."

"ఆయ్, ఇప్పుడే బయల్దేరతానండీ" అన్నారు మాస్టారు.

మాలో ఒక్కరికీ అందులో వింతేమీ కనబడలేదు. వాళ్ళు అలాంటి కుటుంబం కాదు, అంతే కదా అనుకున్నాం.

ఆయన వ్యానులో ఆ రెండు పెట్టెల్నీ వేయించుకుని వచ్చేశారు. బల్ల మీద పక్కపక్కన పెట్టించారు. మొదటిదాన్ని "ఎవర్రా నువ్వు?" అని అడిగారు. నంబరు వచ్చింది. రెండోదాన్ని "నువ్వెవర్రా?" అన్నారు. మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా అదే నంబరు. మాస్టారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు. తర్వాత టెస్టులన్నీ ఆ రెండు పెట్టెల మీదా నడిపించారు. అన్నీ పాసయ్యాయి. తెర నిండా పచ్చ గీతలు. చేను పచ్చగా ఉందని ఈసారి ఎవర్నీ పిలవలేదు.

ఏం జరిగిందో అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. ల్యాబులో పనిచేసే మనిషి ఒక పెట్టెలో లినక్స్ ఎక్కించి, నానా తంటాలూ పడి అన్నీ సరిచేసి, ఆ డిస్కునంతా ఉన్నదున్నట్టు రెండోదానిలోకి దించేశాడు. మా వైపు ప్రతి ల్యాబులోనూ ఇదే పద్ధతి. ఒకటి బాగా వండితే దాన్నే అందరికీ వడ్డిస్తారు, దాన్ని తప్పని ఎవరూ అనరు. విండోస్ పెట్టెల్లో మాస్టారి ఫంక్షను పెట్టె లోపలి బోర్డుకి తయారీలోనే ఇచ్చిన నంబరు తీసుకుంటుంది కాబట్టి ఇబ్బంది లేదు. లినక్స్‌లో మాత్రం, దాన్ని ఎక్కించిన రోజున అది తనకి తానే ఒక ఫైల్లో రాసుకున్న నంబరు తీసుకుంటుంది. డిస్కుతోపాటు ఆ ఫైలూ రెండో పెట్టెలోకి వెళ్ళిపోయింది. మరి టెస్టులు? మూడు రకాల పెట్టెల్ని అడిగి చూశాం, మూడూ మూడు జవాబులు చెప్పాయి. ఒకే రకం పెట్టెలు రెండింటిని పక్కపక్కన పెట్టి ఎప్పుడూ అడగలేదు. మా ఆఫీసులో లినక్స్ పెట్టె ఉన్నది ఒక్కటే.

మాస్టారు మాకేసి చూడకుండా మాట్లాడారు.

"మా తాతనండీ, ఓ ఆసామిగారి తోటలో కాయలు పోయేయని కొబ్బరిచెట్టుకి కట్టేసేరంట. ఒప్పుకునేదాకా విప్పలేదంట. ఒప్పుకున్నాడు. ఇంకేవుంది, ఊరంతా తాతే దొంగనుకున్నారు. మా నాన్న చదువుకుని బడిపంతులయ్యేక కూడా ఆ మాట మా ఇంటిమీంచి పోలేదు. అలాటింట్లో పుట్టేనండీ నేను." తెర మీది నంబరుకేసి చూస్తూ అన్నారు. "ఆ అమ్మాయి ఇంటిపేరు ఇవాళ చూసేను. మావాళ్ళేనండీ."

ఆయన ఏడుస్తారేమోనని భయపడ్డాను. ఏడవలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని ఫంక్షను సరిచేశారు. కొత్త టెస్టు రాశారు. అబ్బాయి పేరు జాబితాలోకి వచ్చేసింది. అమ్మాయి సంగతి ఎత్తితే ప్రిన్సిపాలు "అది సద్దుమణిగిపోయిందండీ మాస్టారూ, కావాలంటే పేరు కలిపేస్తాను గానీ ఆ బ్యాచి మొదలైపోయింది. మళ్ళీ అందరిముందూ ఎందుకు కెలకడం?" అన్నారు. మాస్టారు కళ్ళు మూసుకుని "మళ్ళీ చెప్పండి" అన్నారు. ప్రిన్సిపాలు ఇంకోసారి చెప్పలేదు. ప్రార్థన సమయంలో కాలేజీ అందరి ముందూ మాట్లాడటానికి ఒప్పుకున్నారు.

దానికి ముందు మాస్టారు ఆ అమ్మాయి ఇంటికి వెళ్ళాలన్నారు. "ఆడపిల్ల ఉన్న ఇంటికి నేనొక్కణ్ణీ వెళ్తే బాగోదు, మీరూ రండి" అని నన్ను తీసుకెళ్ళారు. రాజోలు దాకా బస్సు, అక్కణ్ణుంచి కాలవగట్టు మీద ఆటో. తండ్రి ఇంట్లోనే ఉన్నాడు. తల్లి ప్లాస్టిక్ కుర్చీలు తుడిచి వేసింది, కొబ్బరిబొండాలు కొట్టించింది. నేను కూర్చున్నాను. మాస్టారు కూర్చోలేదు. అమ్మాయి దండెం మీది బట్టలు తీసి మడతపెడుతోంది. మేం వచ్చామని ఆపలేదు.

మాస్టారు చెప్పుకొచ్చారు. పెట్టెల సంగతి, నంబరు సంగతి, టెస్టుల సంగతి. ఆమెకి తెలియని మాట ఒక్కటీ వాడలేదు. తప్పు నాదమ్మా, కాలేజీలో అందరిముందూ చెప్తాను అన్నారు.

"ఎందుకండీ ఇప్పుడూ" అన్నాడు తండ్రి. "పెద్దోరు ఇంటికొచ్చి చెప్పేరు, చాలండీ. మళ్ళీ అందరూ అదే మాట్లాడుకుంటారు."

అమ్మాయి చొక్కా ఒకటి మడతపెట్టి పక్కన పెట్టింది.

"ఇప్పుడు చెయ్యలేదంటే అప్పుడు అబద్ధం ఆడేనంటారండీ. స్నేహితురాలైతే ఇప్పటికే అందరితో అంటోంది. నేను రాసేనని ఒప్పుకోబట్టే కదా తన పేరు కూడా అందరి నోళ్ళలో పడిందని, నాతో మాట్లాడ్డం మానేసింది."

దండెం మీంచి ఇంకో చొక్కా తీసింది.

"ఒకటడుగుతానండీ" అంది ఆ అమ్మాయి. "ఆ అబ్బాయి చెయ్యలేదంటే మీరొచ్చి చూసేరంట కదండీ."

"ఆయ్ అమ్మా."

"నేనూ ముందర చెయ్యలేదనే చెప్పేనండీ. ప్రిన్సిపాల్ గారు మీకు ఫోను చేసేరు, నేను అక్కడే ఉన్నాను. నేను చెప్పినప్పుడు ఎందుకు చూళ్ళేదండీ?"

"ఊరుకోవే" అంది తల్లి.

టెస్టులు పాసయ్యాయి కదా, అందుకని చూడలేదంటారనుకున్నాను. అలా అంటే బాగుండునని కోరుకున్నాను కూడా. కానీ అబ్బాయి కాదన్నప్పుడూ టెస్టులు పాసయ్యే ఉన్నాయి. ఆ సంగతి ఆ పిల్లకి తెలుసు, మాస్టారికీ తెలుసు.

"నీ మాట నమ్మలేదమ్మా" అన్నారు మాస్టారు. "ఆళ్ళ మాట నమ్మేను."

అమ్మాయి తలెత్తి మొదటిసారి ఆయన ముఖంలోకి చూసింది.

"కాలేజీలో చెప్తానన్నారు కదండీ. ఈ మాట కూడా చెప్తారా?"

"ఆయ్. చెప్తానమ్మా."

బొండం నా చేతిలో అలాగే ఉంది. తాగలేకపోయాను, కింద పెట్టనూలేకపోయాను. తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఆయనకి నచ్చజెప్పబోయాను. కంప్యూటర్ తప్పని చెబితే సరిపోతుంది కదా మాస్టారూ, మిగతాదంతా అందరిముందూ ఎందుకు అన్నాను. ఆయన కళ్ళు మూసుకుని "మళ్ళీ చెప్పండి" అన్నారు.

కాలేజీలో ప్రిన్సిపాలు మైకు ఇస్తూ చెవిలో "చిన్న సాంకేతిక లోపం అనండి చాలు" అనడం నాకు వినబడింది. మాస్టారు మైకు తీసుకుని ఆ అమ్మాయి తప్పేమీ చెయ్యలేదనీ, భయపెడితే చెయ్యని తప్పు ఒప్పుకుందనీ చెప్పారు. ఫంక్షను రాసింది తనేనని చెప్పారు. ఆ తర్వాత, రైతుగారి అబ్బాయి ముందు వరసలో నిలబడి ఉండగానే, మిగతాది చెప్పారు. "ఆ అమ్మాయి చెయ్యలేదని చెప్తే నేను నమ్మలేదండీ. పెద్దింటి అబ్బాయి అదే మాట చెప్తే బయల్దేరి వచ్చేను. పెట్టె ఇద్దరి గురించీ ఒకలాగే చెప్పింది. తేడా చూపించింది నేను." లెక్చరర్లు నేలకేసి చూశారు. ప్రిన్సిపాలు మైకు కోసం చెయ్యి చాచి, ఎందుకో మళ్ళీ వెనక్కి తీసుకున్నారు. ఆ తర్వాత ఒక్కో కాలేజీ మాతో పని మానుకుంది. ఏడాది తిరక్కుండానే ఎరువుల కొట్టాయన మేడని గోడౌనుగా మార్చుకున్నాడు. మాస్టారు కొత్తపేటలో ట్యూషన్లు చెప్పుకున్నారని విన్నాను. నేను చూడ్డానికి వెళ్ళలేదు. ఆయన కళ్ళలోకి చూడాలంటే నాకు సిగ్గు.

ఆ రోజు మైకు పెట్టేసి బయటికి వచ్చేసరికి, గేటు దగ్గర ఆ అమ్మాయి తండ్రి సైకిలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. అమ్మాయి లేదు.

"మా పిల్ల రానందండీ" అన్నాడు. "ఆ మాట కూడా చెప్పేరో లేదో విని రమ్మంది."

"విన్నారాండీ?" అన్నారు మాస్టారు.

"విన్నానండీ. చెప్పేరని చెప్తాను."

మనసులో పెట్టుకోకండని ఆ తండ్రి అనలేదు. మాస్టారు క్షమించమని అడగలేదు. అతను సైకిలెక్కబోతుంటే మాస్టారు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టారు. సైకిలు కాలవగట్టు మలుపు తిరిగేదాకా ఆ చేతులు దించలేదు. పక్కన నేను నిలబడి ఉన్నాను. నా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు.